నాన్న చెప్పిన గోత్రాలు

మొన్న అమీర్‌పేటలో మెట్రో దిగి నడుస్తుంటే గుడిలోంచి కర్పూరం వాసన వచ్చింది. నాన్న గుర్తొచ్చాడు.

సందు నిండా జావా, ఒరాకిల్ కోచింగ్ బోర్డులు వేలాడే రోజులవి. శనివారం వస్తే నాన్న నన్ను ఆ గుడికి తీసుకుపోయేవాడు. అర్చనకు పూజారి గోత్రం అడిగితే ఒక వారం భారద్వాజ అనేవాడు, ఇంకో వారం కౌండిన్య. అందరికీ ఒక్కటే, మాకు మాత్రం మస్తు గోత్రాలున్నాయని బడిలో గొప్పలు చెప్పుకున్నాను.

ఒకసారి పూజారి మెల్లగా అన్నారు. "గోత్రం తెలియనివాళ్లు కాశ్యప అని చెప్పొచ్చు బాబూ."

"తెల్వక కాదు పంతులుగారూ, యాదికొస్తలేదు," అన్నాడు నాన్న.

ఆయన అనాథాశ్రమంలో పెరిగాడని నేను పెద్దయ్యాక అమ్మ చెప్పింది. ఏదో ఒక పేరు పలికినప్పుడు ఇదే మాదని మనసుకు తోస్తుందేమోనని చూసేవాడట.

కాశ్యప అని మాత్రం చివరిదాకా అనలేదు.