నడవలేదు, పరిగెత్తాను

"మోకాళ్ళకి నూనె రాసుకుంటన్నావా?" అన్నాడు మా ఆయన ఫోనులో.

"రాసుకుంటన్నాలే. ముందు నువ్వు మాత్రలు ఏసుకో," అన్నాను.

మేమిద్దరం ఒకరితో ఒకరం అనుకున్న ఆఖరి మాటలు అవే. ఆయన ఊళ్ళో, నేను ఇక్కడ సౌదీలో, అల్ ఖోబర్‌లో. తెల్లారేసరికి ఆయన లేడు. దేశం దాటి వెళ్ళిరావడానికి ఇచ్చే ఎగ్జిట్ రీఎంట్రీ కాగితం చేతికొచ్చి నేను ఊరు చేరేసరికి సమాధి కూడా చేసేశారు.

తిరిగొచ్చాక ఆసుపత్రిలో నేల తుడవడం, గదికొచ్చి మంచమెక్కడం, ఇదే పని. ఒళ్ళు బరువెక్కింది. రెండో అంతస్తు ఎక్కితే ఆయాసం. అదే ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్న మా చెల్లెలి కూతురు, ఇప్పుడు ఇది రాస్తున్న పిల్లే, ఒక శుక్రవారం పొద్దున్నే నన్ను సముద్రపొడ్డుకి లాక్కెళ్ళింది. అక్కడ పదిమంది నర్సులు పరిగెడుతున్నారు.

నేనూ వాళ్ళ వెనకే దౌడు తీశాను. ఆసుపత్రి బస్సు కదిలిపోతుంటే పట్టుకోవడానికి తీసే పరుగు ఉందే, నాకు తెలిసిన పరుగు అదొక్కటే. నాలుగు దీపస్తంభాలు దాటేసరికి ఊపిరందలేదు. గట్టుమీద కూలబడ్డాను. వాళ్ళలో ఒకామె నవ్వింది.

"దొడ్డమ్మా, నువ్వు నడు చాలు," అంది ఈ పిల్ల.

ఆ చాలు అన్న మాట నాకు గుచ్చుకుంది.

మర్నాటి నుంచి డ్యూటీకి ముందు ఒక్కదాన్నే వెళ్ళాను. గడియారంలో అంకెలు చూసుకోవడం నాకు రాదు. అందుకని ప్రభువు ప్రార్థన పైకి చెప్పుకుంటూ పరిగెత్తాను. మధ్యలో మాట తెగిందా, జోరు ఎక్కువైనట్టు. తెగకుండా వచ్చిందా, అదే నా పరుగు. నడిచేవాళ్ళు కూడా నన్ను దాటిపోయేవారు. పోతే పోనీ. నా రెండు కాళ్ళూ నేల వదిలి లేస్తున్నాయి, అది నడక కాదు. మొదటి వారం రెండు స్తంభాలు. చలికాలం వచ్చేసరికి స్తంభాలు లెక్కపెట్టడమే మానేశాను.

అప్పుడే ఆసుపత్రి ఆడవాళ్ళకి మూడు కిలోమీటర్ల పరుగు పెట్టారు. పేరిచ్చాను.

"మధ్యలో నడిసినా పర్లేదు దొడ్డమ్మా, ఎవరూ చూడరు."

"నేను చూత్తానే," అన్నాను.

ఆ పొద్దున, ఇక్కడ ఆడవాళ్ళు బట్టల మీద వేసుకునే నల్ల అబాయా అంచు పైకి దోపి నిలబడ్డాను. ఈల వేశారు, అందరూ ముందుకి పోయారు. నేను నా ప్రార్థనతో మిగిలాను. వెనక్కి మళ్ళేచోట ఎదురుగాలి కొట్టింది, కళ్ళనిండా ఇసుక. కాళ్ళు నడవమన్నాయి. చుట్టుపక్కల మనిషి లేడు, నడిచినా ఎవరికీ తెలియదు. కోడిపిల్ల అడుగులు వేశాను గానీ నడవలేదు.

చివరికొచ్చేసరికి నీళ్ళసీసాలు సర్దేస్తున్నారు, గీత దగ్గర రిబ్బను ఊడదీస్తున్నారు. ఆ పని చేస్తున్న నిజామాబాద్ వైపు మనిషి నా నోట తెలుగు విని, తోటివాడి మీద కేకేశాడు.

"ఆగరాదురా! అమ్మ ఇంకా ఉరుకుతనే ఉన్నది!"

ఇద్దరూ రిబ్బను మళ్ళీ సాగదీసి పట్టుకున్నారు. రొమ్ముతో తెంపుకుంటూ పోయాను.

"నడుసుకుంట రావొచ్చు గదమ్మా, గింత కష్టం దేనికి?" అన్నాడతను.

"వార్డులో రోజంతా నడుత్తానే ఉంటాను బాబూ. ఇది పరుగు."

అందరికన్నా ఆఖరున వచ్చాను. అదీ రాయి, దాచొద్దు. ఈ వయసులో, ఈ మోకాళ్ళతో, మూడు కిలోమీటర్లు ఆగకుండా పరిగెత్తిన మనిషిని నేను. మర్నాడు వార్డులో ఒక తెలుగు నర్సమ్మ, "మీ దొడ్డమ్మ మొత్తం నడిసేసిందంట గదా," అంటే ఈ పిల్ల నవ్వి ఊరుకుంది. అందుకే ఇది దీని చేతే రాయిస్తున్నాను.

ఏమే, నేను చెప్పినట్టే రాశావా? నడిచిందని ఎక్కడైనా పెట్టేశావేమో. మొదటి నుంచీ ఒకసారి చదివి వినిపించు.