అక్క చేతికిచ్చిన తెల్లకాగితం

మేడ్చల్‌లో మందుల కంపెనీ ల్యాబులో నాది మూడేళ్ల ఉద్యోగం. ఏడో నెలలో నాకు గాజులు తొడిగింది మా సీనియర్ అక్కే. పురిటికి తెనాలి వెళ్లేముందు ఇరవై ఆరు వారాల సెలవుకు అర్జీ ఇచ్చాను. ఆ సెలవు చట్టం ఇచ్చిందే, జీతం కూడా ఆపకూడదు. కానుపు కష్టమై ఇంకో నెల పొడిగించాల్సి వస్తే ఎలా అని నేను భయపడుతుంటే అక్క నవ్వింది.

"గంత పరేషాన్ ఎందుకే? తెల్లకాయితం మీద సంతకం పెట్టి పో. పెంచాల్నంటే నేను రాసిస్త."

పెట్టి ఇచ్చాను.

సెలవు అయిపోయిన మర్నాడే పాపను అత్తగారికి అప్పగించి వెళ్లాను. హాజరు పట్టీలో నా పేరు లేదు. మేనేజరు ఫైలు తీసి ఒక కాగితం చూపించారు. ఇంటి బాధ్యతల వల్ల నా ఇష్టంతోనే ఉద్యోగం మానుకుంటున్నానని ఉంది. రాత అక్కది.

"ఈ సంతకం మీదేనా అమ్మా?"

"నాదే సార్, కానీ..."

"మరింకేం!"

ల్యాబు గుమ్మం దగ్గర అక్క నా కళ్లలోకి చూడలేదు.

"సారు రాయమన్నడు. రాయకుంటే నా నౌకరీ పోతదన్నడు. ఏం జెయ్యాలె చెప్పు?" అంది. మళ్లీ తనే, "బిడ్డ మంచిగున్నదా?" అని అడిగింది.

బాగుందన్నాను. పాలవేళ దాటి జాకెట్టు తడుస్తుంటే కొంగు కప్పుకుని బయటికొచ్చాను.

లేబర్ ఆఫీసుకు వెళ్దామంటున్నారు మావారు. అక్కడా ముందు సంతకం నీదేనా అనే అడుగుతారు. ఆ కాగితం తానే రాశానని అక్క వచ్చి చెప్పాలి. చెప్పదు. గాజులు తొడిగిన రోజున ఎవరైనా నన్ను అడిగుంటే, తప్పకుండా చెబుతుందనేదాన్ని.