ఉయ్యాల మీది గుమ్మడికాయ

గుమ్మడికాయకు భయపడ్డ మనిషి మా బొగ్గుగని కాలనీలో నేనొక్కదాన్నే అయి ఉంటాను. పెంచింది కూడా నేనే మరి.

క్వార్టర్ ముందు మా బావ సిమెంటు రేకులతో చిన్న షెడ్డు వేయించాడు. బావ అంటే నా మొగుడే, మేనత్త కొడుకు. షెడ్డు పక్కన గింజ పెడితే తీగ చెప్పాపెట్టకుండా రేకుల మీదికి పాకింది. పొద్దున్నే స్టూలెక్కి మగపువ్వు తెంపి ఆడపువ్వుకు అద్దాను. పెద్ద కాయ కావాలన్న ఆశతో ఒక్క పిందెనే ఉంచి మిగతావన్నీ గిల్లేశాను. ఆకుల మీద పడే బొగ్గు దుమ్మును రోజూ నీళ్లతో కడిగాను. అంత చాకిరీ చేస్తే ఎందుకు పెరగదు? కౌగిట్లో పట్టనంత అయింది. బావ ఫోన్లో ఫొటో తీసి తన షిఫ్టు వాళ్లందరికీ పంపాడు.

అప్పటికి పాప నెలల పిల్ల. ఉయ్యాల ఆ షెడ్డులోనే, రేకుల కింది ఇనుప పైపుకు కట్టాం. లోపలి గదుల్లో ఉక్కకు పిల్ల గుక్కపట్టి ఏడ్చేది. అటు జరుపుదామంటే ఎండ, ఇటు జరుపుదామంటే గోడ. కాయ సరిగ్గా ఉయ్యాల నెత్తి మీదే ఉందని తట్టిన రోజు నుంచి నాకు అన్నం సయించలేదు.

మధ్యాహ్నం కాలనీ పక్కన, నేలను పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ ఉంటుంది. ముందు సైరన్ మోగుతుంది, తర్వాత నేల అదురుతుంది, గిన్నెలు గలగలమంటాయి. ఎన్నడూ పట్టించుకోని ఆ సైరన్‌కు గుండె గుభేలుమనేది. పాపను లాక్కుని రోడ్డు మీదికి పరుగెత్తేదాన్ని. సైరన్ లేనప్పుడు ఉయ్యాల ఊపుతూ పైకే చూసేదాన్ని.

"బావా, దాన్ని దించు" అని పోరాను.

"తొడిమ ఎండకముందే తెంపితే కుళ్లిపోదా? నేను బండ కింద డ్యూటీ చేసి వస్తున్న, నువ్వు గుమ్మడికాయకు భయపడుతున్నవు!" అని ఒకటే నవ్వు.

ఒళ్లు మండిపోయింది. ఓ ఆదివారం పాపను చంకనేసుకుని ఉయ్యాల పక్కనే నిలబడ్డాను. "ఇయ్యాల దించకుంటే మా అవ్వగారింటికి పోత. నువ్వూ నీ గుమ్మడికాయ కాపురం చేసుకోండ్రి" అన్నాను.

"ఫికర్ చెయ్యకు. రూఫు సంగతి నాకు తెల్వదా?" అంటూ బావ కర్ర అందుకున్నాడు. భూమి లోపలి గనిలో ఆయన పని అదే. లోపలి కప్పును రాడ్డుతో తట్టి, మోగిన తీరును బట్టి గట్టిగా ఉందో వదులైందో చూసి, కూలకుండా కింద కర్ర దిమ్మెలు ఆసరా పెట్టడం. అట్లాగే షెడ్డు చివర నుంచి రేకును తట్టుకుంటూ వచ్చాడు. ఖంగుమంది. "విన్నవా?" మళ్లీ ఖంగుమంది. "గట్టిగున్నది." ఉయ్యాల మీది రేకును తట్టాడు. పగిలిన కుండలా మొద్దుగా పలికింది.

నవ్వు ఉన్నపళంగా పోయింది. నన్నూ పిల్లనూ కలిపి వాకిట్లోకి తోసేసి, తనూ వచ్చి పడ్డాడు. నా మోచేయి గోడకు గీసుకుపోయింది. ఏమీ కూలలేదు. కానీ బావ ఇంకా రేకు వైపే చూస్తున్నాడు. ఆ మొహం నేనెప్పుడూ చూడలేదు.

తర్వాత నిచ్చెన వేసి, తొడిమ కోసి, కాయను తువ్వాలలో కట్టి దించాడు. దాని కింద రేకు ఈ చివర నుంచి ఆ చివరకు పగిలి ఉంది. ఏడ్చాను, ఏడుస్తూనే తిట్టాను.

తిట్లు అయిపోయాక అడిగాను. "లోపల గిట్ల మోగితే ఏం జేస్తరు?"

"ఎనుకకు ఉరుకుతం."

"ఉరికేటంత టైముంటదా?"

కాయకు అంటిన దుమ్ము తుడుస్తూ, "ఒక్కోపారి ఉంటది" అన్నాడు.

మర్నాడు ఎప్పటిలాగే ఫస్టు షిఫ్టుకు పోయాడు. నేను గుమ్మడికాయ కూర వండి వాడకట్టంతా పంచాను. మధ్యాహ్నం సైరన్ మోగింది. పాపను ఎత్తుకోలేదు. వాకిట్లో నిలబడి ఆయన వచ్చే తోవ చూశాను. ఇప్పటికీ సైరన్ మోగితే అదే చేస్తాను.