మా బావను గెలిపించిన పైఅంతస్తు

అప్పట్లో మాతో పనిచేసిన నిజామాబాద్ భాయ్ నిన్న పంపిన పాత ఫోటోలో ఉన్నవి ఇవి: ఖతర్‌లో మా క్యాంప్ ముంగిలి, నాలుగు ఇనుప బెంచీలు, ఆరేసిన డ్యూటీ బట్టలు, మా రూంవాళ్ళం ఆరుగురం, చేతులెత్తిన జనం, మధ్యలో పూలదండకు బదులు సేఫ్టీ టేపు మెడలో వేసుకుని నవ్వుతున్న మా అక్క భర్త. సర్వే పనివాణ్ణి, దేన్నయినా ముందు లెక్కపెట్టడం అలవాటు.

ప్రపంచ కప్పు కోసం స్టేడియానికి పైకప్పు ఎక్కిస్తున్న ఎండాకాలమది. కార్మికుల కమిటీకి మా బ్లాక్ నుంచి ఒక్కరిని పంపమంది కంపెనీ. కింద తెలంగాణవాళ్ళం, పైన వేరే భాషలవాళ్ళు. అంతస్తుకొకరు పోటీకి నిలబడాలి, ఆ ఇద్దరిలో ఒకరిని బ్లాకంతా ఎన్నుకోవాలి. పైవాళ్ళది వేరే సైటు, వేరే బస్సు. మాకు కావలసింది ఒకటే, మా బస్సులో ఏసీ. ఆ వేడికి బావ ఒకసారి సొమ్మసిల్లి పడ్డాడు కూడా.

మా మనిషిని ఎవరు ఎంచాలన్న దగ్గర పేచీ వచ్చింది. అందరికీ వరసకు కాక అయిన స్కాఫోల్డింగ్ ఫోర్‌మన్, "పైవాళ్లను గూడ చెయ్యెత్తనియ్యిర్రి. రేపు నాకు ఓటేసెటోళ్లు ఎందరో ఇయ్యాల్నే తెలుస్తది" అన్నాడు.

"అరె కాకా, పెండ్లి మనింట్ల. పిల్లను పక్కింటోళ్లు ఖాయం జేస్తరా?" అన్నాడు నిజామాబాద్ భాయ్.

"భయమైతే రూంల పండు."

కాక మాటే నెగ్గింది. పైవాళ్ళు మాత్రం తమ మనిషిని తలుపేసుకుని ఎంచుకున్నారు.

కాకకు పోటీగా ఇంకో పేరు ఉండాలని నత్తి ఉన్న బావను నిలబెట్టారు. శుక్రవారం ముంగిట్లో బావ లేచి "బ... బ... బస్సుల ఏ... ఏసీ" అనేసరికి, పైవాళ్ళలో ఒకడు స్టార్టు కాని బస్సులా చప్పుడు చేశాడు. నవ్వులు ఆగాక చేతులు లేచాయి. పైఅంతస్తు మొత్తం బావకే. తమ మనిషి చేతిలో తప్పక ఓడేవాడు కావాలి వాళ్ళకు, దొరికాడు. టేపు దండ వేసిందీ వాళ్ళే.

"పో నత్తోడా, ఏలుకో" అన్నాడు కాక.

బావ నిజంగానే గెలిచాననుకున్నాడు. ఫోన్లో చెబితే, గల్ఫ్ అంతా దుబాయే అనుకునే అక్క, "దుబాయ్ల గూడ నీ మాట ఇంటున్నరా!" అని మురిసిపోయింది. వారమంతా స్నానాల గదిలో గోడకు ఉపన్యాసమిచ్చాడు. బయట వరసలో నిలబడ్డ మావాళ్ళే ఆ నత్తిని కోరస్‌గా అందుకున్నారు. కాక బకెట్ వాయించాడు.

అసలు ఎన్నిక చీటీలతో జరిగింది. పైవాళ్ళ మనిషి గెలిచి, తమ బస్సుకు ఏసీ వేయించుకున్నాడు. మేం కిటికీలు తెరుచుకునే తిరిగాం, స్టేడియం పూర్తయ్యేదాకా. ఇన్నేళ్ళకు ఆ వేడి ఒంటికి గుర్తు లేదు. ఫోటోలో బావ నవ్వు మాత్రం ఇంకా ఆ శుక్రవారంలోనే ఉంది.

కింది అంతస్తు ఓట్లు నలభై ఒకటి. ఆ చీటీల్లో బావకు పడ్డవి రెండు.