చలిలో ముందుగా వచ్చినవి

నా చిన్నప్పుడు మేము నాచారంలో ఫ్యాక్టరీల వెనక, రేకుల ఇళ్ల వరుసలో ఉండేవాళ్లం. మా ప్రహరీ దాటితే మూతపడిన గోదాము. లోపల ఏముందో ఎవరికీ తెలియదు, ఎవరూ అడిగేవారూ కాదు.

ఒక చలికాలం పొద్దున అమ్మ నీళ్లు కాచడానికి వాకిట్లో పొయ్యి ముందు కూర్చుంది. మందుల కంపెనీ ల్యాబులో పనిచేసే పక్కింటి అక్క, డ్యూటీకి వెళ్తూ మా గేటు దగ్గర ఉన్నట్టుండి ఆగిపోయింది. నాకూ అప్పుడే తెలిసింది, బాగా మగ్గిన పండులాంటి సన్నని తీపి వాసన. హాయిగా ఉందని గట్టిగా పీల్చబోతే అక్క పరుగున వచ్చి నా ముక్కుకు తన చున్నీ అడ్డం పెట్టింది.

"చిన్నమ్మా, పొయ్యి ముట్టియ్యకు!"

అమ్మ చేతిలో అగ్గిపుల్ల అలాగే ఉండిపోయింది. నాన్న నవ్వాడు. "గింత వాసనకే ఫికరా బిడ్డా? ఏం కనబడ్తలేదు గద."

అక్క గొంతు తగ్గించింది. "కనబడదు చిన్నాయనా. గోదాముల ఏదో అంటుకునే మందు కారి ఆవిరైతున్నది. దాంట్ల కణాలన్నీ ఒక్క తీరుగ ఉరకయ్. సలికి శానా మటుకు మెల్లగుంటయ్. గట్ల సల్లగున్నా కొన్ని మాత్రం జోరుగ ఉరుకుతయ్. ఇప్పుడు బయటపడి మనదాంక వచ్చినయి గవే. ఎండెక్కితే జోరుగ ఉరికేటియి మస్తు పెరుగుతయ్."

ఎందుకో నాన్న ఇక నవ్వలేదు. ఇంటింటికీ తిరిగి పొయ్యిలు ఆర్పించి, అందరం దూరంగా రోడ్డు మీదికి చేరాం.

ఎండ పెరిగింది. గోదాము మునుపటిలాగే ఉంది, పొగ లేదు, చప్పుడు లేదు. కానీ రేకుల మీది పావురాలు ఒక్కసారిగా లేచిపోయాయి. మరి కాసేపటికి ఆ తీపి వాసన రోడ్డు దాకా వచ్చి మమ్మల్ని తాకింది. ఈసారి కళ్లు మండాయి. అందరం ఇంకా వెనక్కి జరిగాం. నాన్న అలవాటుగా బీడీ కోసం జేబులో చెయ్యి పెట్టి, ఖాళీ చెయ్యి బయటికి తీశాడు.

కబురందుకుని వచ్చిన ఫైరింజన్ వాళ్లు గోదాము తలుపు పగలగొట్టి చూస్తే, పాత డ్రమ్ము అడుగు చిట్లి నేలంతా తడిగా ఉందట. ఒక్క నిప్పురవ్వ పడితే వరుస మొత్తం మిగిలేది కాదన్నారు.

ఇప్పుడు ఉప్పల్‌లో, మెట్రో చప్పుడు వినబడే ఇంట్లో ఉంటున్నాను. పొద్దున్నే వంటింట్లోకి వెళ్లి, లైటు వేయకుండా, ఒక్క క్షణం గాలి పీల్చి నిలబడతాను. వాసనేమీ ఉండదు. అయినా ఎంత చల్లని గాలిలోనైనా, కంటికి కనబడనిది ఏదో ఒకటి మిగతా వాటికన్నా ముందుగా ఇటే ఉరుకుతోందనిపిస్తుంది.