జ్ఞానప్రసూన గారి శనివారం ఫ్రెంచి

ఈ డాలర్ల దేశంలో మా ఊరు బాతెల్‌లో తెలుగువాళ్ళందరూ పిల్లలకి కోడింగో కూచిపూడో నేర్పిస్తుంటే, జ్ఞానప్రసూన గారు ఫ్రెంచి చెబుతారు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. ఆవిడది యానాం. ఫ్రెంచివాళ్ళు ఏలిన ఊరు కాబట్టి తాతగారి రోజుల నుంచీ ఇంట్లో ఆ భాష ఉంది. భర్త కోటేశ్వరరావు గారి వీసా మీద వచ్చారు గనక ఇక్కడ ఉద్యోగం చేసే వీల్లేకపోయింది. ఇంట్లో కూర్చుని కూర్చుని విసుగెత్తి, శనివారాలు లైబ్రరీ గదిలో ఉచితంగా పాఠం మొదలుపెట్టారు. తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్‌లలో మా ఆడవాళ్ళు ముసిముసిగా నవ్వారు. లేఆఫ్‌లు వచ్చి ఉద్యోగాలు ఊడి, కెనడాకి వలస వెళ్ళడానికి ఫ్రెంచి పనికొస్తుందని తెలిశాక వాళ్ళే ఆవిడకి ఫోన్లు చేశారు. ఆవిడ అందర్నీ రమ్మన్నారు. నేనైతే గుమ్మం తొక్కనిచ్చేదాన్ని కాదు.

అసలు ఆవిడ ప్రాణం పెట్టేది వేరే పిల్లల మీద. మాంట్రియాల్‌లో ఒక యూనివర్సిటీ, దిక్కులేక వలసవచ్చిన విద్యార్థులకి ఫీజు లేకుండా ఒక ఏడాది భాష నేర్పి, ఆ తర్వాత వైద్యానికి సంబంధించిన డిగ్రీల్లో చేర్చుకుంటుంది. ఈసారి ఇద్దరు ఇంటర్వ్యూ దాకా వచ్చారు. జర్మీనా కాబూల్ పిల్ల. ఇక్కడ ఆశ్రయం కోసం పెట్టుకున్న అసైలం కేసు ఎటూ తేలదు, వెనక్కి వెళ్తే బతకనివ్వరు. దేదీప్య వరంగల్ అమ్మాయి. మాస్టర్స్ అయింది, ఉద్యోగం దొరకలేదు, వీసా గడువు ముంచుకొస్తోంది.

ఇంటర్వ్యూ లైబ్రరీ గదిలోనే, లాప్‌టాప్ ముందు, ఒకరి తర్వాత ఒకరికి. ఇద్దర్నీ అడిగేది ఆ యూనివర్సిటీ ప్రొఫెసర్లిద్దరే. టీచరు గదిలో కూర్చోవచ్చు గానీ నోరు మెదపకూడదు. జర్మీనా ముందు వెళ్ళింది, దేదీప్య బయట వరండాలో కూర్చుంది.

ఈ చదువే ఎందుకని అడిగారు. జర్మీనా తడుముకోకుండా చెప్పింది. తమ్ముడికి ఫిట్స్ వచ్చేవట. ఇరుగుపొరుగు పరిగెత్తుకొచ్చి వాడి గుప్పిట్లో ఇనప తాళంచెవులు పెట్టేవారట, డాక్టరు దగ్గరికి మాత్రం ఎవరూ తీసుకెళ్ళేవారు కాదట. ప్రొఫెసరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ప్రసూన గారికి మాత్రం సంగతి తెలుసు. జర్మీనాకి తమ్ముడే లేడు. ఆ పిల్లాడు వరంగల్ పిల్లాడు, దేదీప్య తమ్ముడు.

ఏం జరిగిందో ఆవిడకి వెంటనే అర్థమైంది. హైదరాబాద్‌లో వీసా ఇంటర్వ్యూ అయినవాడు ఆటో ఎక్కకముందే ప్రశ్నలూ జవాబులూ గ్రూపులో పెడతాడు. వెనకవాళ్ళు వాటిని బట్టీ పడతారు. దేదీప్య వీసా తెచ్చుకున్నదీ అలాగే. జవాబు తమ దగ్గరే దాచుకోవడం మన పిల్లలకి మహాపాపం.

జర్మీనా ముఖం వెలిగిపోతూ బయటికొచ్చింది. ప్రసూన గారు దేదీప్యని పక్కకి లాగి అడిగారు. తన జవాబు జర్మీనాకి రాసిచ్చానని, తమ్ముడి సంగతి మాత్రం మార్చుకోమన్నానని ఆ అమ్మాయి బిక్కమొహంతో ఒప్పుకుంది. మార్చుకునేంత ఫ్రెంచి జర్మీనాకి ఎక్కడిది? ఇప్పుడు అదే కథ రెండోసారి వినబడితే ఇద్దరిలో ఒకరు దొంగ. నిజం విప్పి చెప్పినా జర్మీనా పని అయిపోయినట్టే. లోపల ప్రొఫెసర్లు పిలుస్తున్నారు.

"తమ్ముడి మాట ఎత్తకమ్మా. ఎత్తావంటే ఆ పిల్ల సీటు పోతుంది."

"వాడు నా తమ్ముడే కదా ఆంటీ. నేనే రాసిన. ఇంకోటి ప్రిపేర్ కాలే నేను."

"తెలుసు. అయినా అడుగుతున్నాను."

దేదీప్య కుర్చీలో కూర్చుంది. అదే ప్రశ్న. నోరు తెరిచింది, మూసింది. ప్రసూన గారు వెనక కూర్చుని కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. ఆ పిల్ల ఇప్పుడు తమ్ముడి మాట చెప్పేసినా తప్పనలేనని ఆవిడకి తెలుసు. చెప్పకూడదని దేవుడికి మొక్కుకుంటున్నందుకు ఆవిడకి తన మీదే అసహ్యం వేసింది. చివరికి దేదీప్య, ఆరోగ్యం ముఖ్యమనీ ఈ చదువు తనకి ఇష్టమనీ రెండు ముక్కలు చెప్పింది. ఇంకా వివరంగా చెప్పమన్నారు. తల దించుకుని అవే రెండు ముక్కలు మళ్ళీ చెప్పింది.

జర్మీనాకి సీటు వచ్చింది. దేదీప్యకి భాష చాలదని మెయిల్ వచ్చింది.

వరంగల్ తిరిగి వెళ్ళిపోవడానికి దేదీప్య టికెట్ బుక్ చేసుకున్నాక ప్రసూన గారు ఆ అమ్మాయిని భోజనానికి పిలిచారు. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. సగం తిన్నాక దేదీప్య తలెత్తి అడిగింది.

"ఆంటీ, అది జర్మీనా తమ్ముడి ముచ్చటై, కాపీ కొట్టింది నేనై ఉంటే, ఆమెను ఇట్లనే ఆపుతుంటిరా మీరు?"

ప్రసూన గారికి అబద్ధం చేతకాదు.

"లేదమ్మా. ఆ పిల్లని అలా అడగడానికి నాకు నోరు రాదు. నువ్వు మన పిల్లవి గనకే అడగ్గలిగాను."

దేదీప్య చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"మన పిల్లని కాకుంటే బాగుండు ఆంటీ."

కోపంగా అనలేదు. ప్రసూన గారు ఆ పిల్ల కంచంలో ఇంకో గరిట పప్పు వేశారు.