కామాక్షమ్మ గారు ఆపిన బస్సు

మొన్న నెల్లూరు నుంచి తోటపల్లి గూడూరు వెళ్ళే బస్సులో ముందు చక్రానికి దగ్గరగా కూర్చున్నాను. ఊరు దాటి బస్సు వేగం అందుకోగానే పాదాల కింద సన్నని గుర్రు మొదలైంది. మలుపు తిరిగేటప్పుడు పెరిగి, రోడ్డు తిన్నగా అయ్యాక తగ్గింది. పక్కవాళ్ళకు వినిపించినట్టు లేదు. బతుకంతా బస్సుల కింద పడుకొని పనిచేసిన వాణ్ణి గనక అరిగిన బేరింగు గొంతు నాకు తెలుసు. దిగేటప్పుడు డ్రైవరుకు ఆ మాట చెప్పాను. చూపిస్తానన్నాడు. ఇంటికి నడుస్తుంటే దారి పొడుగునా కామాక్షమ్మ గారే గుర్తుకు వచ్చారు.

అరవైల మొదట్లో మద్రాసులో పని నేర్చుకొని నెల్లూరు తిరిగి వచ్చి, ఆమె దగ్గర మెకానిక్కుగా చేరాను. ఆమెవి రెండే బస్సులు. ఒకటి సముద్రం ఒడ్డు పల్లెల నుంచి చేపల గంపలతో ఆడవాళ్ళను పొద్దున్నే నెల్లూరు చేర్చేది. రెండోది మాగాణి ఊళ్ళ మీదుగా తిరిగేది. భర్త జబ్బుతో పోయాక, ఆడమనిషికి బస్సులెందుకు, అమ్మెయ్యమని బంధువులంతా అన్నారట. తోటపల్లి గూడూరు దగ్గరి పెద్ద రైతు పెంచలరెడ్డి గారు ఒక్కరే ఆమె పక్షాన నిలబడ్డారు. అధికారుల దగ్గరికి తానే వెంట వెళ్ళి పర్మిట్టు ఆమె పేరుకు మార్పించారు. ఆ మేలును ఆమె తలుచుకోని రోజు లేదు. ముతక చీర కొంగు నడుముకు బిగించి షెడ్డులో స్టూలు మీద కూర్చునేవారు. కిరసనాయిలు వాసన ఆమెకు పడదు. తుమ్ముతూనే కూర్చునేవారు గానీ లేచి వెళ్ళేవారు కారు.

ఒక ఏడు వానలకు కాలువలు పొంగి రోడ్ల మీద మోకాలి లోతు నీళ్ళు పారాయి. మాగాణి ఊళ్ళ బస్సు చాలా రోజులు ఆ నీళ్ళలోనే తిరిగింది. వాన తెరిపిచ్చాక పెంచలరెడ్డి గారి కొడుకు పెళ్ళి వచ్చింది. మగపెళ్ళివారు మనుబోలు తరలివెళ్ళడానికి ఆ బస్సునే మాట్లాడుకున్నారు. తరలే ముందు రోజు ఉదయం నేను ముందు చక్రాలు విప్పాను. గ్రీజు నీళ్ళకు పాలిపోయి ఉంది. బేరింగును కిరసనాయిలుతో కడిగి వెలుతురుకు పెట్టి చూశాను. రోలర్లు దొర్లే ఉక్కు వలయం అద్దంలా మెరుస్తోంది, ఒక్క గోరంత చోట తప్ప. అక్కడ గుంట పడి ఉంది.

కామాక్షమ్మ గారు దాని మీద గోరు పెట్టి గీశారు. “చేప పొలుసు ఊడినట్టుండాదే. తుప్పా?”

“తుప్పు కాదమ్మా, అలుపు.”

“ఇనుముకు అలుపేంది అబ్బయా?”

ఒక తీగ ముక్క ఆమె చేతికిచ్చి అటూ ఇటూ వంచమన్నాను. వంచుతూ ఉంటే నేను చెప్పాను. రోలరు పైనుంచి దొర్లినప్పుడల్లా ఆ చోటు రవంత నొక్కుకొని మళ్ళీ లేస్తుంది. లక్షల సార్లు అలా అయ్యాక లోపల కంటికి కనపడని పగులు పుడుతుంది. నీళ్ళు చేరి గ్రీజు పోతే ఆ పని ఇంకా ముందే జరుగుతుంది. పగులు పైకి వచ్చిన నాడు పొలుసు లేస్తుంది. ఆ పొలుసులే రోలర్ల కింద పడి తక్కిన ఉక్కును తినేస్తాయి. వేడెక్కి బిగుసుకుంటే చక్రమే ఊడిపోవచ్చు. నేను ముగించేలోపే తీగ ఆమె చేతిలో రెండు ముక్కలైంది.

“ఇంకెంత దూరం పోతాది?”

“చెప్పలేనమ్మా. నెల తిరగొచ్చు. మనుబోలు దాకా పోకపోవచ్చు.”

కొత్త బేరింగు మద్రాసు నుంచి రావాలి. మర్నాటికి అందదు. చేపల బస్సుది విప్పి దీనికి వేద్దామా అని అడిగాను. ఆమె తీగ ముక్కలు పక్కన పెట్టారు. “గంపలతో వచ్చినోళ్ళు రేపు రోడ్డు మీద నిలబడి చూస్తావుంటారు. వాళ్ళ చేపలు కుళ్ళిపోవాల్నా? వద్దు. ఈ బండి మాత్రం కదల్చబాక.”

ఆ మధ్యాహ్నమే నన్ను వెంటబెట్టుకొని పెంచలరెడ్డి గారి ఇంటికి వెళ్ళారు. ఆయన పందిట్లో నిలబడి తోరణాలు కట్టిస్తున్నారు.

“బస్సు రాదన్నా. చక్రం లోపల చెడింది.”

“నిన్నటి దాకా తిరిగిందే?”

“తిరిగింది. రేపు తిరగతాదని నేను చెప్పలేను.”

ఆయన నా వైపు చూశారు. “నువ్వు చెప్పు. పడిపోతాదా?”

“పడిపోతుందని కూడా చెప్పలేనయ్యా” అన్నాను.

ఆయన ముఖం ఎర్రబడింది. “అందరూ వద్దన్న నాడు నీ పక్కన నిలబడితిని. నా ఇంట్లో శుభకార్యానికి నువ్వు చేసేది ఇదా?”

కామాక్షమ్మ గారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “బండ్లు నేను కట్టిస్తానన్నా” అని మాత్రం అన్నారు. ఆయన లోపలికి వెళ్ళిపోయారు. ఆమె ఇంటింటికీ తిరిగి ఎద్దుల బండ్లు కుదిర్చారు. మర్నాడు ఆ బురద దారిలో ఆఖరి బండిలో పిల్లల మధ్య కూర్చొని తానూ మనుబోలు వెళ్ళారు. దారంతా దెప్పిపొడుపులేనట. ఆ సంగతి ఆమె చెప్పలేదు, బండి తోలినవాళ్ళు చెప్పారు.

కొత్త బేరింగు వచ్చి బస్సు మళ్ళీ తిరిగినా, చాలా కాలం పెంచలరెడ్డి గారు అది కనబడితే ముఖం తిప్పుకొనేవారు. ఆ దారిలో ఇంకొకరి బస్సు కొత్తగా వచ్చింది. రంగు బాగుంది, సీట్లు మెత్తన. మా బస్సు ఎక్కేవాళ్ళు కొందరు అటు మళ్ళారు.

ఒక రోజు బ్రేకులు చూసుకుందామని నేను మా బస్సులోనే వెళ్ళాను. పెంచలరెడ్డి గారి ఊరి దగ్గర ఆ కొత్త బస్సు ముందు నిలబడి ఉంది, మాది వెనక. పొలం గట్టు మీదుగా నలుగురు నులక మంచం మోసుకొస్తున్నారు. మంచం మీద పెంచలరెడ్డి గారి కోడలు, తొలి కాన్పు నొప్పులతో. కొత్త బస్సు కండక్టరు తలుపు తీశాడు. పెంచలరెడ్డి గారు అతన్ని దాటి మా బస్సు దగ్గరికి వచ్చి, “ఎక్కించండి” అన్నారు.

కబురు అంది కామాక్షమ్మ గారు ఆస్పత్రికి వచ్చేసరికి ఆడపిల్ల పుట్టింది. వరండాలో ఆయన ఆమె పక్కన బెంచీ మీద కూర్చున్నారు.

“ఆ బండి ఎక్కించేదానికి నాకు మనసు రాలేదు కామాక్షమ్మా” అన్నారు. “నీ బండి బాగలేకుంటే నువ్వు రానంటావు. వచ్చిందంటే బాగుండాదనే గదా.”

ఆమె కొంగుతో ముఖం తుడుచుకొని, “బిడ్డ ఎవరి పోలికన్నా?” అని అడిగారు.

షెడ్డుకు తిరిగి వస్తూ, ఎన్నాళ్ళుగానో నన్ను తొలుస్తున్న మాట అడిగేశాను. “ఆ రోజు మనం బస్సు పంపించి ఉంటే ఏమీ అయ్యేది కాదేమోనమ్మా?”

“కాకపోయుండచ్చు” అన్నారు ఆమె తేలిగ్గా. “అందరూ చల్లంగా దిగి పెండ్లి అన్నం తినేవాళ్ళు. మంచిదే గదా.”

తరువాత పెద్ద పెద్ద షెడ్లలో ఫోర్‌మన్‌గా చేశాను. బయలుదేరబోయే బస్సులను ఆపి చాలామంది చేత మాటలు పడ్డాను. వాటిలో ఏది దారిలో కూలబడేదో, ఏది క్షేమంగా తిరిగి వచ్చేదో నాకు ఈనాటికీ తెలియదు. తెలియకపోయినా నిమ్మళంగానే ఉన్నాను. ఆ నిమ్మళం నా స్వభావంలో లేదు. కామాక్షమ్మ గారి దగ్గర పనిచేసినందుకు అబ్బింది.